కారుకి పట్టిన చెమట

2003వ సంవత్సరం, మే నెల మొదట్లో. రాజమండ్రి ఎండ ఎలా ఉంటుందో ఆ ఊరి వాళ్లకి చెప్పక్కర్లేదు, బయటి వాళ్లకి చెప్పినా నమ్మరు. ఊరంతా ఎండని తిట్టుకునే ఆ నెలల్లోనే నా షాపు కళకళలాడేది. మోరంపూడి రోడ్డులో రేకుల షెడ్డు, గోడకి వేలాడే గేజీలు, మూల ఒక వాక్యూమ్ పంపు, బల్ల మీద తూకం మిషను. కార్ల ఏసీలు తప్ప ఇంకో పని ముట్టుకునేవాణ్ణి కాదు. ఎవరైనా ఫ్రిజ్జు బాగుచెయ్యమని వస్తే పక్క వీధి చూపించేవాణ్ణి. నాకు గీర ఎక్కువని మావాళ్లు అనేవారు. ఉండేది మరి, లేదని ఎందుకనాలి? అటు అమలాపురం నుంచి ఇటు తణుకు దాకా కారు ఏసీ పాడైతే ప్రసాద్ దగ్గరికి తీసుకెళ్లమనేవారు. గొప్ప కోసం చెప్పడం లేదు అని రాస్తే అబద్ధమవుతుంది. గొప్పగానే చెబుతున్నాను.

అప్పట్లో మా పనిలో ఒక పెద్ద మార్పు నడుస్తోంది. కారులోని వేడిని మోసుకెళ్లి బయట పారేసే గ్యాస్‌ని రిఫ్రిజరెంట్ అంటారు. పాత కార్లలో అది ఆర్-12 అనే రకం. దానివల్ల ఆకాశంలో ఓజోన్ పొర పాడవుతోందని అన్ని దేశాలూ దాన్ని ఆపేస్తున్నాయి. కొత్త కార్లు ఆర్-134ఏతో వస్తున్నాయి. మేం దాన్ని 'వన్ థర్టీ ఫోర్' అనేవాళ్లం. పాత కారుని ఈ కొత్త గ్యాస్‌కి మార్చే పని పేరు కన్వర్షన్. వినడానికి సులువుగానే ఉంటుంది. పాతది వదిలెయ్యడం, కొత్తది పట్టడం. చాలామంది అలాగే చేసి పంపేసేవారు కూడా. కానీ పాత గ్యాస్‌తో తిరిగే నూనె కొత్త గ్యాస్‌తో కలవదు. గ్యాస్‌ని ఒత్తి తిప్పే కంప్రెషర్‌కి నూనె అందదు. కొన్నాళ్లకి అది బిగుసుకుపోయేది. అప్పుడు ఆ కార్లు నా దగ్గరికి వచ్చేవి, నేను ఆ ఓనర్లనీ వాళ్ల మెకానిక్‌లనీ కలిపి చీవాట్లు పెట్టేవాణ్ణి.

అలాంటి ఒక మధ్యాహ్నం తెల్ల అంబాసిడర్ ఒకటి వచ్చి షెడ్డు ముందు ఆగింది. దిగినాయన తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన కండువా. నిడదవోలు దాటాక తణుకు వెళ్లే దారిలో ఒక పల్లెటూరట వారిది. పేరు నరసింహరాజు. వరి, కొద్దిగా చేపల చెరువు. "ఏసీ పనిచెయ్యట్లేదండి, మీ పేరు చెప్పారు" అన్నారు. నేను బానెట్ ఎత్తి లోపలికి వంగి, మామూలుగా అందరినీ అడిగే మొదటి ప్రశ్న అడిగాను.

"చెమట పడుతోందాండి?"

ఇది మా పనివాళ్ల మాట. ఏసీ బాగా నడుస్తుంటే కంప్రెషర్‌కి తిరిగొచ్చే గొట్టం చల్లబడి, మన గాల్లో ఉండే తేమంతా దాని మీద బొట్లు బొట్లుగా పేరుకుంటుంది. గొట్టానికి చెమట పట్టిందంటే ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టు.

"పట్టదండి" అన్నారాయన మెల్లిగా.

"ఎప్పట్నుంచండి?"

"పుట్టినప్పట్నుంచీనండి."

కొన్నప్పట్నుంచీ అనబోయి అలా అన్నారనుకున్నాను. "మరి ఇన్నేళ్లూ ఎలా నెట్టుకొచ్చారండి?"

"ఏం చేస్తామండి. తడి తువ్వాళ్లు, ఐసు ముక్కలు. కరెంటు పోతే మా ఆవిడ కాసేపు, నేను కాసేపు విసురుతాం."

నేను బానెట్ కింద నుంచి తల బయటికి తీశాను. ఈయనకి దారిలో ఎండ దెబ్బ తగిలిందని నిశ్చయమైపోయింది. స్టూలు జరిపి, "ముందు కూర్చోండి, మజ్జిగ తెప్పిస్తాను. కారుకి విసరడమేంటండి?" అన్నాను.

ఆయన నా మొహంలోకి అలాగే చూశారు. "కారు సంగతి కాదండి నేను చెప్పేది. మా అమ్మాయి సంగతి. దానికి చెమట పట్టదు. మీరలా అడిగేసరికి ఎలాగో మీకు తెలిసిపోయిందనుకున్నాను."

ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట నా చెవిలో ఉంది. పానా కింద పెట్టి చేతులు తుడుచుకున్నాను. ఆయనే నెమ్మదిగా చెప్పుకొచ్చారు. అమ్మాయి పేరు వసుధ. ఒంట్లో చెమట గ్రంథులు లేకుండా పుట్టింది. మనకి ఎండలో చెమట పట్టి, అది ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. ఆ పిల్లకి ఆ దారి లేదు. వేడి లోపలికి వెళ్లడమే గానీ బయటికి రాదు. కాసేపు ఎండ తగిలితే జ్వరం వచ్చినట్టు కాలిపోతుంది, ఇంకాసేపైతే స్పృహ తప్పుతుంది. ఇంట్లో ఒక గదికి ఏసీ పెట్టించారు. బయటికి తీసుకెళ్లడానికి ఈ కారు కొని, దానికి ఏసీ బిగింపించారు.

"రాజుగారు ఏసీ కారులో తిరుగుతున్నారు, దర్జా అని మా చుట్టాలే అంటారండి. నేనెవరికీ చెప్పను. కారు నాక్కాదండి, దానికి."

అసలు కష్టం మార్చిలో వచ్చింది. ఇంటర్ రెండో ఏడు పరీక్షలు. సెంటరు నిడదవోల్లో. పొద్దున్న చల్లగా వెళ్లొచ్చు, తిరిగొచ్చేది మాత్రం ఎండ నడినెత్తిన. ఒకరోజు వస్తుంటే నిడదవోలు రైలు గేటు పడింది. ముందు లారీ, వెనక ట్రాక్టరు. ఒక రైలు వెళ్లింది, గేటు తియ్యలేదు, ఇంకో రైలన్నారు. అంతలో ఏసీ వేడిగాలి కొట్టడం మొదలెట్టింది. పిల్ల సీట్లోనే వాలిపోయింది. సోడాబండి వాడి బకెట్టులో నీళ్లన్నీ ఆ పిల్ల మీద కుమ్మరించి, ఎలాగో ప్రాణాలతో ఇంటికి చేర్చారు. మిగతా పరీక్షలు రాయనివ్వలేదు వాళ్లమ్మ. ఇప్పుడు నెలాఖరుకి సప్లిమెంటరీ పరీక్షలు. ఇవీ పోతే ఒక ఏడాది పోయినట్టే. కాదు, వాళ్లమ్మ మాట అంతకంటే గట్టిది. ప్రాణం కంటే చదువెక్కువా, ఇంతటితో మానిపించెయ్యండి అని.

"ఇంకో దారి లేదాండి?" అన్నాను.

"చుట్టూ తిరిగి వెళ్లినా ఇంకో గేటేనండి" అన్నారు రాజుగారు.

గేజీలు తగిలించాను. గేజీ అంటే ఏసీ గొట్టాల్లో ఒత్తిడి చూపించే ముల్లు. నీలం ముల్లు చల్లటి వైపు, ఎర్ర ముల్లు వేడి వైపు. ఎర్ర ముల్లు కుదురుగా ఉండాలి, అది వణుకుతోంది. ఆర్-12 సరిగ్గా దొరక్క ఎవరో ఏదేదో కలిపి పట్టారని అర్థమైంది. రాజుగారికి చెప్పాను. కొత్త గ్యాస్‌కి మార్చేద్దామన్నాను.

"పాతదే అసలు సరుకు తెచ్చి పట్టలేరాండి? మార్చడమంటే భయంగా ఉంది."

"వెతికితే ఈ ఏడు దొరుకుతుందేమో. వచ్చే ఏడు? మీ అమ్మాయి ఈ ఒక్క వేసవే చదువుకుంటుందాండి?"

"ఆయ్, అయితే మార్చెయ్యండి" అన్నారు.

మార్చెయ్యండి అన్నారు గానీ, ఆ రోజు నేను ఇంటికెళ్లాక అన్నం సయించలేదు. ఎందుకంటే కొత్త గ్యాస్‌తో ఒక పేచీ ఉంది. పరుగెత్తే కారులో బాగానే ఉంటుంది. ఆగిన కారులో, ఎదురుగాలి లేనప్పుడు, దాని ఒత్తిడి పాత దానికంటే ఎక్కువ పెరుగుతుంది, చల్లదనం పడిపోతుంది. రోడ్డు మీద చల్లగా ఉండే ఏసీ ఎవరైనా ఇస్తారు. ఈ పిల్లకి కావల్సింది గేటు దగ్గర ఆగినప్పుడు చల్లగా ఉండే ఏసీ. నా పేరంతా ఆ గేటు దగ్గరే తేలుతుంది.

పని మొదలుపెట్టాను. ఉన్న గ్యాస్‌ని గాల్లోకి వదలకుండా ఖాళీ సిలిండర్‌లోకి లాగాను. దానికి ఒక పాత కంప్రెషర్‌తో నేనే సొంతంగా ఏర్పాటు చేసుకున్నాను, దాన్ని చూసి నవ్విన తోటి మెకానిక్‌లే తర్వాత అలాంటిదే చేసుకున్నారు. కంప్రెషర్ దింపి పాత నూనె చుక్క మిగలకుండా ఒంపాను. గొట్టాల లోపల కడిగే మందు పోసి, నైట్రోజన్ కొట్టి, తెల్ల గుడ్డ పెట్టి చూస్తే గుడ్డ తెల్లగానే ఉండేదాకా కడిగాను. జాయింట్ల దగ్గర రబ్బరు రింగులు, గొట్టాలు, తేమని పీల్చే డ్రైయర్, అన్నీ కొత్త గ్యాస్‌కి సరిపడేవి మార్చాను. కొత్త నూనెతో ఇంకో బాధ. మూత తీసి పెడితే మన గోదావరి గాల్లో తేమనంతా తాగేస్తుంది, వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు. డబ్బా అప్పటికప్పుడు తెరిచి, పోసి, బిగించెయ్యాలి.

రేడియేటర్ ముందుండే కండెన్సర్, అంటే వేడిని బయటికి వదిలే జాలీ, దాన్ని పెద్దది పెట్టాను. దాని ముందు ఇంకో ఫ్యాను అదనంగా బిగించాను, ఇంజన్ ఎంత మెల్లిగా తిరిగినా గాలి తగ్గకుండా. ఒక ప్రెషర్ స్విచ్ కూడా పెట్టాను. లోపల ఒత్తిడి హద్దు దాటితే అది కంప్రెషర్‌ని ఆపేస్తుంది, లేకపోతే గొట్టం పగులుతుంది. ఇవన్నీ రాజుగారు స్టూలు మీద కూర్చుని రోజూ చూసేవారు. పొద్దున్నే వచ్చి, సాయంత్రం నిడదవోలు బస్సెక్కేవారు. ఒక్క రోజు కూడా తొందర పెట్టలేదు.

ఆఖర్న గ్యాస్ పట్టే రోజు వచ్చింది. ఇక్కడే కథ మలుపు తిరిగింది. కొత్త గ్యాస్ పాత దానికంటే తక్కువ పట్టాలి. అందుకే నేను సిలిండర్‌ని తూకం మిషను మీద పెట్టి బరువు చూసి పడతాను. పాత పద్ధతి వేరు. డ్రైయర్ నెత్తిన చిన్న గాజు కన్ను ఉంటుంది. అందులో బుడగలు కనిపిస్తుంటే గ్యాస్ చాలలేదని, బుడగలు పోయి నీళ్లలా తేటపడితే నిండిందని లెక్క. పాత గ్యాస్‌కి అది నిజమే. కొత్త గ్యాస్‌కి సరిపడా పట్టినా కొన్ని బుడగలు కనబడుతూనే ఉంటాయి. ఆ గాజుని నమ్ముకుంటే అంతే సంగతులు.

నేను తూకం చూసి వాల్వు కట్టేశాను. రాజుగారు వంగి గాజు కన్నులోకి చూశారు. ఆయనకి ఎవరు నేర్పారో మరి.

"బుడగలున్నాయండి ఇంకా."

"ఉంటాయండి. కొత్త గ్యాస్‌కి అలాగే కనిపిస్తుంది. తూకం సరిపోయింది."

"తూకం సరే, కొంచెం కొసరు వెయ్యండి."

మా జిల్లాల్లో కొసరు లేనిదే ఏ బేరమూ తెగదు. బెండకాయలు తూచాక నాలుగు కాయలు, పాలు కొలిచాక ఇంకాస్త వొంపడం. కొసరు వెయ్యనివాణ్ణి పిసినారి అంటాం. అడగనివాణ్ణి అమాయకుడంటాం. రాజుగారు పెద్దమనిషి, కొసరు అడగడంలో ఆయనకి తప్పేమీ కనబడలేదు. పైగా కూతురి కోసం.

"ఇందులో కొసరుండదండి" అన్నాను.

"మీరు కాదంటే ఎలాగండి, ఒక్క గుక్క."

"ఒక్క గుక్కా లేదు. ఏసీ పాడవుతుంది."

బండి స్టార్ట్ చేసి కాసేపు ఉంచాను. గొట్టానికి చక్కగా చెమట పట్టింది. ఆయన వేలితో ఆ బొట్లు తుడిచి చూసుకుని, నవ్వి, బయల్దేరారు. నవ్వులో ఏదో చిన్న వెలితి ఉంది, నేను పట్టించుకోలేదు. పని ముగిశాక నాలో నేనే మురిసిపోతూ ఉంటాను, ఎదుటివాళ్ల మొహం చూసే తీరిక ఉండదు.

పరీక్షలకి ఇంకో రెండు రోజులుందనగా పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి అంబాసిడర్ నా గుమ్మం ముందే ఉంది. ఈసారి వెనక సీట్లో అమ్మాయి కూడా ఉంది. సన్నగా, చురుకైన కళ్లు. పలచటి జుట్టు మీద నూలు గుడ్డ కట్టుకుంది. భుజాల చుట్టూ తడి తువ్వాలు, చేతిలో ఇస్త్రీవాళ్లు బట్టల మీద నీళ్లు చల్లుకునే సీసా. మధ్యమధ్యలో మొహం మీద చల్లుకుంటోంది.

రాజుగారు మాత్రం మొహం గంటు పెట్టుకుని ఉన్నారు. "నిన్న గేటు దగ్గర ఆగిపోయిందండి మీ ఏసీ. పరీక్షగా అమ్మాయిని ఎక్కించుకుని వెళ్లాను. గేటు పడింది, కాసేపటికి టక్కుమని ఆగింది, వేడిగాలి. గేటు వెంటనే తీశారు కాబట్టి సరిపోయింది. మా ఆవిడ హాల్‌టికెట్టు బీరువాలో పెట్టి తాళం వేసేసింది. కొత్త గ్యాస్ వద్దని నేను అప్పుడే అన్నాను."

నాకు ఒళ్లు మండింది. నేను చేసిన పనికి ఆ మాట పడాల్సిన అవసరం లేదని నాకు తెలుసు. గేజీలు తగిలించి ఇంజన్ ఆన్ చేయించాను. ఎర్ర ముల్లు లేచి లేచి హద్దు దాటేదాకా పోయింది. ప్రెషర్ స్విచ్ టక్కుమని కంప్రెషర్‌ని ఆపేసింది.

"రాజుగారూ, ఇందులో నేను పట్టినదానికంటే గ్యాస్ ఎక్కువుంది."

"గ్యాస్ ఎక్కడైనా పెరుగుతుందాండి?"

"పెరగదు. పొయ్యాలి."

ఆయన కండువా సర్దుకుని రోడ్డు వైపు చూశారు. వెనక సీట్లోంచి అమ్మాయి అంది. "నాన్నా, కొవ్వూరు కొసరు సంగతి చెప్పండి."

సంగతి బయటపడింది. ఆ రోజు నా దగ్గర నుంచి వెళ్తూ వెళ్తూ, ఆయన మనసు ఆ బుడగల మీదే ఉందట. బ్రిడ్జి దాటాక కొవ్వూరులో ఒక ఏసీ షాపు కనబడితే ఆపి, "ఇందులో బుడగలున్నాయి, కాస్త కొసరు వెయ్యండి" అన్నారట. ఆ షాపాయన గాజు కన్నులో చూసి, బుడగలు పోయి తేటపడేదాకా పట్టేశాడు. రాజుగారు సంతోషంగా ఇంటికెళ్లారు. అదృష్టం కొద్దీ ఆ షాపాయన పట్టింది కొత్త గ్యాసే. గ్యాస్ పట్టేచోట నేను బిగించిన కొత్త మూతులకి పాత గ్యాస్ గొట్టం ఎక్కదు, అదొక్కటే కాపాడింది.

"పాలు కొన్నట్టు కొన్నారన్నమాట గ్యాసు" అన్నాను. ఇంకా చాలా అందామనుకున్నాను.

"దానికేమీ తక్కువ కాకూడదనండి" అన్నారు. "అది చిన్నప్పట్నుంచీ దేనికైనా కొంచెం ఎక్కువే తెస్తాను. ఐసు ఎక్కువ, నీళ్లు ఎక్కువ. ఎక్కువుంటే ధైర్యం."

నా కోపమంతా అక్కడే దిగిపోయింది. ఆ ప్రెషర్ స్విచ్ లేకపోయుంటే గొట్టం పగిలి, కారుకి పరీక్షలయ్యేదాకా ఏసీయే ఉండేది కాదు. నేను పెట్టాను కాబట్టి బతికింది. ఆ సంగతి రాజుగారికి రెండుసార్లు చెప్పాను. మూడోసారి కూడా చెప్పి ఉంటాను.

ఉన్న గ్యాసంతా లాగేశాను. తూస్తే ఆ కొసరు అసలునే మింగేసేట్టుంది. మళ్లీ వాక్యూమ్ పెట్టాను, అంటే గొట్టాల్లో ఉన్న గాలీ తేమా పూర్తిగా లాగెయ్యడం. ఆ పంపు నడుస్తున్నంత సేపూ అమ్మాయి షెడ్డులో ఫ్యాను కింద కూర్చుని నన్ను ప్రశ్నలతో చంపేసింది.

"ఐసు పెట్టకుండా చల్లగా ఎలా అవుతుందండి అంకుల్?"

"చెమట ఆరేటప్పుడు ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది కదమ్మా. లోపల ఈ గ్యాస్ కూడా అలాగే. ద్రవంగా వచ్చి, ఆరి, ఆవిరైపోతూ కారులో వేడిని పట్టుకుపోతుంది." అనేశాక, ఈ పిల్ల దగ్గరా నేను చెమట మాటెత్తానని నాలుక కరుచుకున్నాను.

ఆ పిల్ల నొచ్చుకోలేదు. సీసాతో మొహం మీద నీళ్లు చల్లుకుని, ఫ్యాను వైపు తిరిగింది. "నేను చేసేదీ అదేనన్నమాట. ఈ ఏసీ పెద్ద సీసా."

నేను పదేళ్లుగా చేస్తున్న పనిని అంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు నాకు.

తూకం చూసి, అంతే పట్టి, వాల్వు కట్టాను. గాజు కన్నులో బుడగలు కనిపిస్తున్నాయి. రాజుగారు దాన్ని చూసి కళ్లు తిప్పుకున్నారు. అప్పుడు నేను షట్టర్ దించేసి, కారు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. "పదండి" అన్నాను.

"ఎక్కడికండి?"

"నిడదవోలు గేటుకి. మిట్టమధ్యాహ్నానికి అక్కడుండాలి."

బ్రిడ్జి మీద ఇసుక మేటలు తెల్లగా మెరుస్తున్నాయి, కళ్లు నిలబడట్లేదు. కారులో మాత్రం హాయిగా ఉంది. కొవ్వూరులో ఆ షాపు ముందు నుంచి వెళ్తున్నప్పుడు రాజుగారు తల అటు తిప్పుకున్నారు. అమ్మాయి ఫక్కున నవ్వింది. నిడదవోలు చేరేసరికి గేటు తీసే ఉంది. ఎవరైనా సంతోషిస్తారు. ఆ గేటు పడాలని మొక్కుకున్న మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. పక్కకి ఆపి కూర్చున్నాం. కాసేపటికి గంట మోగింది, గేటు దిగింది, బళ్లన్నీ వరస కట్టాయి. మేమూ వరసలోకి జొరబడ్డాం. ముందు లారీ, దాని వేడంతా మా మీదకే. పాసింజరు వెళ్లింది. గేటు తియ్యలేదు. గూడ్సు వస్తోందట.

రాజుగారు స్టీరింగ్ పట్టుకుని అద్దంలోంచి కూతుర్నే చూస్తున్నారు. నేను గాలొచ్చే రంధ్రం దగ్గర వేలు పెట్టి తియ్యడం లేదు. కంప్రెషర్ ప్రతి చప్పుడికీ ఆయన ఉలిక్కిపడేవారు. నేను పైకి ధీమాగా ఉన్నాను గానీ, నిజం చెప్పాలంటే ఇప్పుడు ఆ గేటు లేవాలని మొక్కుకుంటున్నాను. వెనక సీట్లో ఎవరి ప్రాణం ఉందో నాకు తెలుసు. ఆ పిల్ల ఫిజిక్సు పుస్తకం తెరిచి ఏదో చదువుకుంటోంది. గూడ్సు వచ్చింది. పెట్టెలకి పెట్టెలు పోతూనే ఉన్నాయి. వేలికి తగులుతున్న గాలి మాత్రం మారలేదు. జివ్వుమంటూనే ఉంది.

ముంజలమ్ముకునే ఆయన అద్దం మీద కొట్టాడు. "అయ్యగారూ, మీ బండి కింద నీళ్లు కారిపోతున్నాయండి. చూసుకోండి."

రాజుగారు కంగారుగా తలుపు తియ్యబోయారు. అమ్మాయి అద్దం కొంచెం దించి, ఆయనతో అంది. "నీళ్లు కాదండి, చెమట. నాకు పట్టాల్సింది దీనికి పడుతోంది."

ముంజలాయనకి ఏమీ అర్థం కాలేదు. రాజుగారు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను అటు రైలు వైపు చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే నా కళ్లూ సరిగ్గా లేవు. నా పని చూసి అంత గర్వపడింది ముందూ లేదు, తర్వాతా లేదు.

గేటు తీశారు. వాళ్లింటికి తీసుకెళ్లారు నన్ను. అమ్మాయి వాళ్లమ్మ వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎవరినీ పలకరించలేదు. "గేటు పడిందా?" అని అడిగింది రాజుగారిని. "పడింది. రెండు రైళ్లు" అన్నారాయన. ఆవిడ వచ్చి కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టింది. తర్వాత మెడ మీద. తర్వాత రెండు అరచేతులూ పట్టుకుంది. చాలాసేపటికి వదిలి, బొడ్లోంచి తాళాలు తీసి కూతురికిచ్చింది. "బీరువాలో ఉంది హాల్‌టికెట్టు, తీసి పెట్టుకో" అంది. అప్పుడు నా వైపు తిరిగి, "కాళ్లు కడుక్కోండి బాబూ, భోజనం చేద్దురుగాని" అంది.

హాల్లో ఫ్యాను కింద కూర్చోబెట్టడానికీ, తడి తువ్వాలు ఉంచుకోవడానికీ కాలేజీ వాళ్లు ఒప్పుకున్నారట. పరీక్షలన్నీ రాసింది. పాసైంది. తర్వాత భీమవరంలో డిగ్రీ, ఆ తర్వాత లెక్చరరు. ఆ అంబాసిడర్ చాలా వేసవులు నా దగ్గరికి వచ్చేది, ఊరికే చూపించుకోవడానికి. రాజుగారు గాజు కన్నువైపు మళ్లీ చూడలేదు. కొసరు అన్న మాట నా షెడ్డులో ఆయన నోట రాలేదు, ఒక్కసారి మాత్రం బంగినపల్లి మామిడి పళ్ల బుట్ట దించి, పైన ఇంకో నాలుగు కాయలు పెట్టి, "ఇది కొసరండి, దీనికి ఏమీ కాదు" అన్నారు.

అప్పటిదాకా నేను ఏసీని గేజీ చూసి ఒప్పజెప్పేవాణ్ణి. ఆ తర్వాత నుంచి ఎవరొచ్చినా మొదట అడిగేది, ఎవరి కోసమండి, మీ బండి ఎక్కడ ఆగుతుంది అని. ఒకాయన మార్కెట్టు దగ్గర అంటాడు, ఒకాయన ఆసుపత్రి గేటు దగ్గర అంటాడు. కన్వర్షన్ చేసిన ప్రతి బండినీ ఎండలో నిలబెట్టి, ఇంజన్ ఆపకుండా, కింద చుక్కలు పడేదాకా చూసి గానీ ఇవ్వలేదు. పని బాగుందని రోడ్డు మీద కాదు, గేటు దగ్గర తెలుస్తుందని నాకు నేర్పింది ఆ పిల్లే.

ఆ పరీక్షల మొదటిరోజు మధ్యాహ్నం నేను పని చెయ్యలేదు. ఫోన్ పక్కనే కూర్చున్నాను. మోగింది. అమ్మాయే మాట్లాడింది.

"అంకుల్, ఇవాళ కూడా గేటు పడిందండి."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఏమైందమ్మా?"

"ఏం లేదండి. చలేసింది. నాన్నని ఏసీ తగ్గించమన్నాను."